జలపాతం వెల ఎంత?

భౌతికశాస్త్రం తరగతిలో జలపాతం ప్రసక్తి వచ్చినప్పుడు మనం విద్యార్థులచేత ఒక లెక్క చేయిస్తాము. సెకండుకు ఇన్ని ఘనపు మీటర్ల నీరు ఇన్ని మీటర్ల ఎత్తునుండి పడుతున్నది. దానినుండి ఎంత శక్తి లభిస్తుంది? నీటి ద్రవ్యరాశిని ఎత్తుతోను, గురుత్వ త్వరణంతోను గుణిస్తే జవాబు వస్తుంది. ఒక సంవత్సరం నేను ఈ లెక్క చెబుతూ ఉండగా వెనుక బల్లమీది విద్యార్థి ఒకడు లేచి, "మాస్టారూ, ఆ నీళ్ళన్నీ గొట్టాల్లోకి మళ్ళిస్తే జలపాతం ఎక్కడుంటుంది? దాన్ని చూడడానికి వచ్చేవాళ్ళ మాటేమిటి?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేను గూడ నవ్వి, లెక్క పూర్తిచేయమన్నాను.

తరువాత ఆలోచిస్తే అది నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదనిపించింది. ఒక దేశపు చరిత్రలో నూరు సంవత్సరాలకు పైగా ఈ ప్రశ్నే అనేక రూపాలలో తలయెత్తుతూ వచ్చింది. ఆ దేశం ఐస్లండు. ఉన్న నీటిని, భూమిలోని వేడిని శక్తికొరకు వాడుకోవాలా? చూడవచ్చేవారికొరకు ఉంచుకోవాలా? ఏది జాతీయాదాయాన్ని పెంచుతుంది? ఈ ప్రశ్నలకు ఆ దేశం చెప్పుకొన్న జవాబులు మనకు గూడ తెలుసుకోదగినవి.

బొగ్గు లేని దేశం

ఐస్లండు అట్లాంటిక్ మహాసముద్రపు ఉత్తరభాగంలో, ఆర్కిటిక్ వృత్తానికి ఆనుకొని ఉన్న ద్వీపం. దాని వైశాల్యం సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. అనగా తెలంగాణ రాష్ట్రం కంటె కొంచెం చిన్నది. జనాభా మాత్రం నాలుగు లక్షలకు లోపే. దేశంలో పదింట ఒక వంతు నేలను హిమనదాలు కప్పివేశాయి.

ఈ ద్వీపం ఉన్నచోటు విచిత్రమైనది. అట్లాంటిక్ అడుగున ఉత్తర దక్షిణాలుగా సాగే పర్వతశ్రేణి ఇక్కడ నీటిపైకి వచ్చింది. ఆ శ్రేణికి ఇరువైపుల ఉన్న భూఫలకాలు సంవత్సరానికి సుమారు రెండు సెంటిమీటర్ల చొప్పున విడిపోతున్నాయి. ఆ చీలికలగుండా భూగర్భంలోని శిలాద్రవం పైకి చేరుతుంది. అందువలననే అక్కడ అగ్నిపర్వతాలూ, వేడినీటి గుండాలూ విస్తారంగా ఉన్నాయి. వేడినీటిని ఆకాశంలోకి చిమ్మే ఊటలను ప్రపంచమంతటా 'గైజర్' అంటారు. ఆ మాట ఐస్లండులోని ఒక ఊట పేరునుండి వచ్చిందే. రాజధాని పేరు రెయ్క్యావిక్. అనగా పొగల అఖాతం అని అర్థం. తొమ్మిదవ శతాబ్దంలో వచ్చిన వలసదారులు నేలనుండి లేచే ఆవిరిని చూచి ఆ పేరు పెట్టారని చెబుతారు.

ఇంత వేడిమీద కూర్చొని గూడ ఆ ప్రజలు వెయ్యేళ్ళు చలికి వణికారు. ఉన్న కొద్ది అడవులను తొలి వలసదారులు నరికి, గొర్రెలను మేపి, నాశనం చేశారు. రాక్షసిబొగ్గు అక్కడ లేదు. చిత్తడి నేలలలో గడ్డీగాదమూ కుళ్ళి గట్టిపడిన 'పీట్' అనే మట్టిని కోసి, ఎండబెట్టి, పొయ్యిలో వాడేవారు. ఇరవయ్యవ శతాబ్దం వచ్చేసరికి పట్టణాలవారు విదేశపు బొగ్గును కొనసాగారు. చేపలు అమ్మి సంపాదించిన ధనంలో కొంత ఈ విధంగా పొగైపోయేది.

బట్టలుతికే నీటినుండి

రెయ్క్యావిక్ పట్టణానికి మూడు కిలోమీటర్ల దూరంలో లౌగర్దాలూర్ అనే లోయ ఉన్నది. అక్కడి వేడి ఊటల దగ్గరకు స్త్రీలు మాసిన బట్టల మూటలు మోసుకొనిపోయి ఉతుక్కొనేవారు. శీతకాలంలో మంచుగాలికి ఎదురు నడచి, తడిబట్టల బరువుతో తిరిగి రావడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఆ నీటినే ఊరిలోకి రప్పించకూడదా అన్న ఆలోచన చాల ఆలస్యంగా వచ్చింది. అక్కడ బోర్లు వేయగా సుమారు 87 సెంటిగ్రేడు డిగ్రీల నీరు సెకండుకు 14 లీటర్లు లభించింది. 1930లో మూడు కిలోమీటర్ల గొట్టం వేసి ఆ నీటిని పాఠశాలకూ, ఆసుపత్రికీ, ఈతశాలకూ, కొన్ని పదుల ఇండ్లకూ అందించారు.

విద్యార్థులు ఇక్కడ ఒక లెక్క చేయవచ్చు. ఇంటిలోకి 80 డిగ్రీల వద్ద ప్రవేశించిన నీరు గదులను వెచ్చబరచి 35 డిగ్రీల వద్ద బయటికి పోతే, లీటరుకు 45 కిలోకేలరీల ఉష్ణం లభిస్తుంది. మేలైన రాక్షసిబొగ్గు కిలోగ్రాము మండితే సుమారు 7,000 కిలోకేలరీలు వస్తాయి. కాబట్టి 155 లీటర్ల వేడినీరు ఒక కిలో బొగ్గుతో సమానం. సెకండుకు 14 లీటర్ల ఆ చిన్న ధార రోజుకు దాదాపు ఎనిమిది టన్నుల బొగ్గు పని చేస్తుందన్నమాట!

1943లో ఇంకా దూరంనుండి, 18 కిలోమీటర్ల పొడవున గొట్టాలు వేసి, పట్టణంలోని వేలకొలది ఇండ్లకు వేడినీరు తెచ్చారు. ఊరిమీద కప్పుకొని ఉండే బొగ్గుపొగ క్రమంగా విడిపోయింది. కాని దేశమంతటికీ ఇది విస్తరించడానికి మరొక దెబ్బ కావలసి వచ్చింది. 1973లో చమురు ధరలు హఠాత్తుగా పెరిగాయి. అప్పటికి దేశంలో దాదాపు సగం మంది ఇండ్లను వెచ్చబరచుకొనడానికి చమురునే మండించేవారు. ప్రభుత్వం బోర్లకూ, గొట్టాలకూ అప్పులిచ్చి, చమురును తొలగించే పని చేపట్టింది. నేడు ఆ దేశంలో పది ఇండ్లలో తొమ్మిదింటికి భూతాపమే వెచ్చదనాన్ని ఇస్తున్నది.

దీనినిగూర్చి ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఈ పనివలన దేశం విదేశాలకు అమ్మినదేమీ లేదు. కొనవలసినది మాత్రం తగ్గింది. ఆర్థికాభివృద్ధి అనగానే మనకు ఎగుమతులూ, కర్మాగారాలూ స్ఫురిస్తాయి. తప్పిన ఖర్చు గూడ సంపాదనే అని ఇంటి ఇల్లాలికి తెలుసు. దేశపు లెక్కలలో అది పైకి కనిపించదు.

బంగారు జలపాతం

ఇక నీటి సంగతి. హిమనదాలనుండి కరిగివచ్చే నదులు ఐస్లండులో ఎన్నో ఉన్నాయి. 1904లో ఒక వడ్రంగి కార్ఖానా యజమాని, యోహాన్నెస్ రెయ్క్దాల్, చిన్న వాగుమీద తొమ్మిది కిలోవాట్ల యంత్రం నిలిపి తన ఊరిలో కొన్ని ఇండ్లకు విద్యుద్దీపాలు వెలిగించాడు. ఇది తెలిసిన విదేశీ వ్యాపారుల చూపు పెద్ద జలపాతాలమీద పడింది.

వాటిలో ప్రసిద్ధమైనది గుల్‌ఫాస్, అనగా బంగారు జలపాతం. హ్వీతా నది ఇక్కడ రెండు అంచెలుగా, 11 మీటర్లు, 21 మీటర్లు, మొత్తం 32 మీటర్లు క్రిందికి దూకుతుంది. ఆ ప్రక్కనే బ్రాత్‌హోల్త్ అనే పల్లెలో ఉన్న తోమాస్ తోమాసన్ అనే రైతుకు జలపాతంలో వాటా ఉన్నది. 1907లో ఒక ఆంగ్లేయుడు వచ్చి పెద్ద మొత్తం ఇస్తానన్నా ఆయన అమ్మలేదు. అయితే కొంతకాలానికి జలపాతంపై కౌలుహక్కులు వ్యాపారుల చేతుల్లోకి పోయాయి. అప్పుడు ఆ రైతు కూతురు సిగ్రిదుర్ తోమాస్‌దోత్తిర్ దానికి అడ్డు నిలిచింది. బడిచదువు లేని ఆ పల్లె స్త్రీ తాను కూడబెట్టుకొన్న డబ్బు ఖర్చుచేసి వ్యాజ్యం నడిపింది. నూరు కిలోమీటర్లకు పైగా ఉన్న రాజధానికి ఎన్నోసార్లు వెళ్ళి వచ్చింది. ఆమె పక్షాన నిలిచిన న్యాయవాది స్వేన్ బ్యోర్న్‌సన్ తరువాత, 1944లో, ఐస్లండు రిపబ్లిక్‌కు మొదటి అధ్యక్షుడయ్యాడు.

ఆమె కోర్టులో గెలిచిందని కొందరు కథగా చెబుతారు. నిజానికి గెలవలేదు. కౌలుసొమ్ము చెల్లించకపోవడంతో 1920వ దశకం చివర ఆ ఒప్పందం తనంతట రద్దయింది. అయితే అంతకాలం పని మొదలు కాకుండా ఆగడానికి ఆమె పట్టుదల తోడ్పడింది. సిగ్రిదుర్ 1957లో మరణించింది. 1979లో ప్రభుత్వం గుల్‌ఫాస్‌ను రక్షిత ప్రదేశంగా ప్రకటించింది.

ఇప్పుడు మన తరగతి లెక్కకు వద్దాము. గుల్‌ఫాస్‌లో సగటున సెకండుకు సుమారు 110 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. ఆ నీటినంతా మళ్ళిస్తే 1,000 × 9.8 × 110 × 32, అనగా దాదాపు 34,500 కిలోవాట్లు. యంత్రాలలో నష్టం పోగా సంవత్సరానికి 27 కోట్ల యూనిట్లు అనుకొందాము. యూనిటును మూడు అమెరికా సెంట్లకు అమ్మారనుకొంటే వచ్చేది 81 లక్షల డాలర్లు. ఇప్పుడు సంవత్సరానికి పదిలక్షల మంది ఆ జలపాతాన్ని చూడవచ్చి, ఒక్కొక్కరు అక్కడ ఎనిమిది డాలర్లు ఖర్చుపెట్టారనుకొందాము. ఆ మొత్తం ఎనభై లక్షలు! ధరలు మనం వేసుకొన్న అంచనాలే. కాని రెండు మొత్తాలూ ఒకే పరిమాణంలో ఉండడం గమనించండి. 1907లో ఈ రెండవ లెక్క వేయడం ఎవరికీ సాధ్యం కాదు. అప్పటికి విమానయానం ఇంకా శైశవదశలోనే ఉన్నది.

లోహమై ఓడ ఎక్కిన నీరు

అయితే ఐస్లండు తన నదులను అన్నింటినీ చూడడానికే ఉంచుకోలేదు. చేపలు మాత్రమే అమ్ముకొని బ్రతికే దేశానికి, చేపలు రాని సంవత్సరం కరువు సంవత్సరమే. మరొక ఎగుమతి కావాలి. విద్యుచ్ఛక్తి ఉన్నది, కాని సముద్రం దాటించి దానిని అమ్మడమెట్లా? ఎలుమినియం ఇందుకు ఉపాయమైంది.

బాక్సైటునుండి తీసిన తెల్లని అల్యూమినాను కరిగిన క్రయొలైట్‌లో వేసి, సుమారు 950 డిగ్రీల వద్ద విద్యుత్ప్రవాహం పంపితే ఎలుమినియం విడిపోతుంది. 1886లో కనుగొన్న ఈ పద్ధతిలో కిలోగ్రాము లోహానికి ఇప్పటికీ సుమారు 14 యూనిట్ల విద్యుత్తు పడుతుంది. అనగా ఎలుమినియం కడ్డీ అంటే గట్టిపడిన విద్యుచ్ఛక్తి అనవచ్చు. 1965లో ప్రభుత్వం లాండ్స్‌విర్క్యున్ అనే విద్యుత్సంస్థను స్థాపించింది. ప్రపంచ బ్యాంకు ఋణ సహాయంతో బూర్‌ఫెల్ జలవిద్యుత్కేంద్రం కట్టారు. 1969లో స్త్రౌమ్స్‌విక్ వద్ద ఒక స్విస్ సంస్థ ఎలుమినియం కర్మాగారం మొదలుపెట్టింది. ముడిపదార్థం ఇతర ఖండాలనుండి ఓడలలో వస్తుంది. లోహం ఓడలలో పోతుంది. ఐస్లండు దానికి చేర్చేది ముఖ్యంగా తన నీటి బలం.

ఈ మార్గంలో చివరి పెద్ద అడుగు కారాన్యూకర్. తూర్పు ఐస్లండులో హిమనదులకు అడ్డంగా కట్టిన ఈ ఆనకట్ట ఎత్తు 198 మీటర్లు. జలాశయం 57 చదరపు కిలోమీటర్లు. విద్యుత్కేంద్రం శక్తి 6,90,000 కిలోవాట్లు. ఇది 2007లో పనిచేయసాగింది. ఆ విద్యుత్తంతా సముద్రతీరాన ఉన్న ఒక్క ఎలుమినియం కర్మాగారం కొరకే. తూర్పుతీరపు పల్లెలనుండి యువకులు వలసపోతున్నారు, వారికి పని కావాలి అని ప్రాజెక్టును కోరినవారు వాదించారు. మనుష్యుల అడుగు పడని పీఠభూమి నీట మునుగుతుందని, రెయిన్‌డీర్‌లూ, బాతులూ నిలువనీడ కోల్పోతాయని వ్యతిరేకించినవారు వాదించారు. 2006లో వేలాది ప్రజలు రాజధాని వీధులలో ఊరేగింపు తీశారు. ఇరుపక్షాలూ చెప్పినదానిలో నిజం ఉన్నది. పల్లెలకు పని దొరికింది, పీఠభూమి మునిగింది.

పారబోసిన నీరు

శక్తి, యాత్ర, ఈ రెండూ ఎప్పుడూ పోటీపడవలసినదేనా? కాదని చెప్పే ఉదాహరణ గూడ ఈ దేశంలోనే ఉన్నది.

నైరుతి మూలన స్వార్త్సెంగి అనేచోట 1976లో భూతాప కేంద్రం ఆరంభమైంది. అక్కడ లోతునుండి వచ్చేది సముద్రపు ఉప్పు కలిసిన, 240 డిగ్రీల వేడిగల నీరు. దానిని తిన్నగా ఇండ్లకు పంపితే గొట్టాలు పాడైపోతాయి. అందుచేత దాని వేడిని మంచినీటికి ఎక్కించి, ఆ మంచినీటిని ఊళ్ళకు పంపి, మిగిలిన ఉప్పునీటిని ప్రక్కనున్న లావారాతి నేలమీద వదిలేవారు. ఆ రాయి నిండా రంధ్రాలే కనుక నీరు ఇంకిపోతుందనుకొన్నారు. కాని నీటిలోని సిలికా చల్లబడి, పేరుకొని, రంధ్రాలను మూసివేసింది. నీరు నిలిచి మడుగు కట్టింది. నీటిలో తేలే సూక్ష్మమైన సిలికా రేణువులు నీలికాంతిని చెదరగొట్టడంవలన మడుగు లేత నీలంగా కనిపించసాగింది.

చర్మవ్యాధిగల ఒకరు అందులో స్నానంచేసి తనకు ఉపశమనం కలిగిందన్నారు. ఆ మాట నలుగురికీ ప్రాకింది. 1987లో స్నానశాల ఏర్పడింది. 1992లో దానిని నడపడానికి ఒక సంస్థ వెలసింది. 'బ్లూ లగూన్' పేరున ఈనాడు లోకమంతా ఎరిగిన స్నానవాటిక అదే. ప్రకృతిసిద్ధమైన గుండమని చాలమంది అనుకొంటారు కాని, అది కర్మాగారం పారబోసిన నీరు!

అగ్నిపర్వతం తెచ్చిన అతిథులు

2008 అక్టోబరులో ఐస్లండు మూడు పెద్ద బ్యాంకులూ వారం రోజుల వ్యవధిలో కూలిపోయాయి. వాటి ఆస్తి అప్పుల పద్దులు దేశ వార్షికాదాయానికి పదిరెట్లకు చేరువగా పెరిగి ఉన్నాయి. క్రోన విలువ దాదాపు సగానికి పడిపోయింది. దిగుమతులు ప్రియమై ప్రజలు విలవిలలాడారు. కాని విదేశీయునికి ఐస్లండు చౌక అయింది. 2010 ఏప్రిల్‌లో ఎయ్యాఫ్యాత్లాయోకుత్ అగ్నిపర్వతం బ్రద్దలై, దాని బూడిదవలన యూరపులో విమానాలు దాదాపు వారం రోజులు నిలిచిపోయాయి. ఈ ఉపద్రవమే ఆ దేశం పేరును ఇంటింటికీ చేర్చింది.

2010లో వచ్చిన విదేశీ యాత్రికులు 4.9 లక్షలు, 2018లో 23 లక్షలు! అనగా ఒక్కొక్క పౌరునికి ఆరుగురికి పైగా అతిథులు. 2013నుండి యాత్రికుల రాబడి చేపల రాబడిని మించింది. 2017లో విదేశాలనుండి వచ్చే ఆదాయంలో నలభై శాతానికి పైగా యాత్రికులదే. పడిపోయిన దేశం లేచి నిలబడడానికి ఇది గొప్ప ఊతమైంది. ఏ జలపాతాలను ఆనకట్టలు కట్టకుండా వదిలారో వాటిని చూడడానికే ఈ జనం వచ్చారు.

పద్దులో రెండవ ప్రక్క

చరిత్ర ఇంతటితో ఆగితే, ఆనకట్టలు తప్పు, యాత్రలు ఒప్పు అని తేల్చవచ్చు. కాని పద్దుకు రెండవ ప్రక్క ఉన్నది.

ఐస్లండులో విద్యుత్తు దాదాపు నూటికి నూరుపాళ్ళు నీటినుండి, భూతాపంనుండి వస్తున్నది. కాని యాత్రికులు వచ్చేది విమానాలలో. అవి మండించేది చమురు. దేశమంతా తిరిగే అద్దె కార్లలో గూడ చాలభాగం చమురువే. ఇండ్ల పొయ్యిలోనుండి తరిమిన చమురు అతిథుల వెంట తిరిగి వచ్చిందన్నమాట. పైగా అతిథి రాకపోతే? 2020లో మహమ్మారి ప్రబలి, యాత్రికులు అయిదు లక్షలకు లోపు దిగిపోగా, జాతీయాదాయం ఆ ఒక్క సంవత్సరంలో సుమారు 7 శాతం తగ్గింది.

నీరు గూడ ఎప్పుడూ ఒకే తీరున ఉండదు. 2021 చలికాలంలో జలాశయాలు నిండక, విద్యుత్తు కోత పడి, చేపలపొడి కర్మాగారాలు చమురు మండించవలసి వచ్చింది. భూతాపానికి గూడ ప్రమాదం లేకపోలేదు. 2023 నవంబరులో స్వార్త్సెంగి ప్రక్కనున్న గ్రిందావిక్ పట్టణాన్ని ఖాళీ చేయించారు. డిసెంబరులో నేల చీలి లావా పొంగింది. విద్యుత్కేంద్రం చుట్టూ రాళ్ళతోను మట్టితోను గట్లు కట్టి కాపాడారు. అయినా 2024 ఫిబ్రవరి 8న లావా వేడినీటి గొట్టాన్ని తెంచివేసింది. గడ్డకట్టే చలిలో ఇరవై వేలమందికి పైగా ప్రజల ఇండ్లు చల్లబడిపోయాయి. వారికి వెచ్చదనం ఇచ్చినదీ, దానిని తీసుకొన్నదీ ఒకే భూగర్భం.

మూడు సంపాదనలను ప్రక్కప్రక్కన ఉంచి చూడండి. ఎలుమినియం ప్రపంచ విపణిలోని ధరను నమ్ముకొన్నది. యాత్ర ఇతరుల తీరికనూ, విమానాలనూ నమ్ముకొన్నది. ఇండ్లకు పారే వేడినీరు మాత్రం కొనేవాడిని నమ్ముకోలేదు. బ్యాంకులు కూలిన చలికాలంలోను, మహమ్మారి చలికాలంలోను అది యథాప్రకారం పారింది. నూరేళ్ళలో ఐస్లండు చేసిన పనులలో అన్నింటికంటె నిలకడైనది అదే అని నాకు తోస్తుంది. మిగిలిన రెండూ దేశాన్ని ధనవంతం చేశాయి. అది దేశాన్ని నిలబెట్టింది.

మన ఇంటి ముంగిట

మనకు గూడ ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1955లో ఆరంభమైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రం ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రాల ఉమ్మడి సొత్తు; డుడుమ జలపాతం ఉన్న నదిని మళ్ళించి దానిని కట్టారు. ఆ విద్యుత్తు ఉత్తరాంధ్రలో ఎన్నో ఊళ్ళకు వెలుగునిచ్చింది. తెలంగాణలో మణుగూరు ప్రాంతంలోని పగిడేరు వద్ద, బొగ్గుకొరకు వేసిన బోరునుండి వేడినీరు ఉబుకుతుంది. అక్కడ సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక భూతాప కేంద్రాన్ని నెలకొల్పింది. అది చిన్నదే, రెయ్క్దాల్ యంత్రం అంతకంటె చిన్నది.

ఉపాధ్యాయులు ఈసారి జలపాతం లెక్క చేయించినప్పుడు కిలోవాట్ల దగ్గర ఆగకుండా, మరి మూడు ప్రశ్నలు చేర్చవచ్చు. ఈ శక్తి ఎవరికి చేరుతుంది? దీనివలన మనం కొనడం మానేది ఏమిటి? నీటిని మళ్ళిస్తే తిరిగి తెచ్చుకోలేనిది ఏమైనా ఉన్నదా? మొదటి రెండింటికీ అంకెలతో జవాబు చెప్పవచ్చు. మూడవదానికి కావలసింది చూచేకన్ను. నాడు వెనుక బల్లమీద కూర్చున్న ఆ విద్యార్థి అడిగింది ఈ మూడవ ప్రశ్నే. అతడు ఈ వ్యాసం చదివితే, నా జవాబు ఇంత ఆలస్యమైనందుకు మన్నించాలి.